కిటికీ మెష్‌కి మాసిక

మా హాలు కిటికీ మెష్‌లో ఒక చిల్లు ఎనిమిది నెలల పాటు మాతోపాటే కాపురం చేసింది. ఇంట్లో ఐదుగురం. ఐదుగురికీ దాని సంగతి తెలుసు. సోఫాలో కూర్చుంటే కళ్ళకి ఎదురుగా కనిపించే చోటు అది. అయినా అందరం దాన్ని దాటి అవతలి వేపచెట్టునే చూసేవాళ్ళం.

అది ఎలా పడిందో చెబుతాను. ఇంటర్నెట్ కనెక్షన్ ఇవ్వడానికి ఒక కుర్రాడు వచ్చాడు. గోడకి డ్రిల్లు వేస్తే ఓనరుగారు ఊరుకోరని మా వారు అన్నారు. అద్దె ఇల్లు కదా. సరేనని ఆ కుర్రాడు స్క్రూడ్రైవరు తీసి మెష్‌ని ఒక్క పోటు పొడిచి, అందులోంచి వైరు లోపలికి లాగేశాడు. నేను కాఫీ కలుపుతున్నాను, చూసేసరికి అయిపోయింది. ఏడాది తిరక్కుండానే కనెక్షన్ మార్చాం. వైరు పోయింది, చిల్లు మిగిలింది. మొదట శనగగింజంత ఉండేది. వేసవి వెళ్ళేసరికి నిమ్మకాయంత అయ్యింది. ఈ బూడిదరంగు మెష్ అంతా సన్నటి గాజునార పోగుల మీద ప్లాస్టిక్ పూత వేసి నేసిన నేతే. ఎండకి పూత పెళుసెక్కుతుంది. ఒక పోగు తెగితే పక్క పోగులు జారడం మొదలుపెడతాయి. చీరలో పోగు లాగినట్టే.

మా వారు "ఆదివారం చూద్దాం" అన్నారు. ఏ ఆదివారమో అడగలేదు నేను. బీటెక్ చదివే మావాడు హాస్టల్ నుంచి వచ్చినప్పుడు "ఆన్‌లైన్‌లో స్టిక్కర్లు దొరుకుతాయమ్మా, ఆర్డర్ పెడతా" అన్నాడు. పెట్టలేదు. నేను మాత్రం తక్కువ తిన్నానా, మెష్‌లు బిగించే ఆయనకి ఫోన్ చేసి నా బాధ్యత తీరిపోయిందనుకున్నాను. "ఒక్క కిటికీకైతే నాకు గిట్టదమ్మా. ఇల్లంతా చేయిస్తానంటే చెప్పండి, చదరపు అడుగుల లెక్కన వేసిస్తాను" అన్నాడాయన. ఆయన తప్పేం లేదు. ఊరి ఆ చివర నుంచి పెట్రోలు పోసుకుని వచ్చి నిమ్మకాయంత చిల్లు పూడ్చి వెళితే ఆయనకేం మిగులుతుంది?

ఏమీ అననిది అత్తయ్యగారు ఒక్కరే. సాయంత్రం దీపం పెట్టే వేళకి, వత్తులు చేసుకునే దూదిలోంచి కొంచెం తీసి, గుండ్రంగా ఉండ చేసి ఆ చిల్లులో కుక్కేవారు. పొద్దున్నే ఇల్లు ఊడుస్తూ నేను దాన్ని లాగి చెత్తలో వేసేదాన్ని. ఎదురుగా అంత దూది ముద్ద, ఎవరైనా వస్తే ఏమనుకుంటారు? పైగా తేమకి తడిసి నల్లగా తయారయ్యేది. మళ్ళీ సాయంత్రానికి కొత్త ఉండ. పొద్దున్నకి మళ్ళీ చెత్తబుట్ట. ఆవిడా నేనూ దీని గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడుకోలేదు. మా ఇంట్లో అత్తాకోడళ్ళ గొడవలు ఇలాగే ఉంటాయి, చప్పుడు లేకుండా.

సెప్టెంబరులో మా చిన్నదానికి జ్వరం వచ్చింది. తొమ్మిదో తరగతి. స్కూల్లో ఆటల పోటీలకి ఎండలో ప్రాక్టీసు చేసింది, అందుకే అనుకున్నాం. రెండో రోజుకి కళ్ళ వెనకాల నొప్పి అంది. డాక్టరుగారు రక్తపరీక్ష రాశారు. డెంగీ. ఒంటి మీద చెయ్యి వేస్తేనే ఏడ్చేది పిల్ల. దీనికి ప్రత్యేకంగా మందేమీ లేదు, పారాసెటమాల్ తప్ప ఇంకే నొప్పి మాత్రా వేయకండి, నీళ్ళు బాగా పట్టించండి అన్నారు. జ్వరం తగ్గిందని మేం ఊపిరి పీల్చుకున్న రోజే ప్లేట్‌లెట్లు పడటం మొదలైంది. ఈ జబ్బు తీరే అదిట, జ్వరం దిగినప్పుడే జాగ్రత్తగా ఉండాలిట. లక్షన్నర పైన ఉండాల్సినవి 52 వేలకి దిగాయి. ఆ రెండు రాత్రులూ ఆసుపత్రి కుర్చీలో కూర్చుని ఏం ఆలోచించానో రాయను. పక్కింటావిడ బొప్పాయి ఆకు రసం తెచ్చి ఇచ్చింది. డాక్టరుగారిని అడక్కుండా ఇవ్వనన్నానని ఆవిడకి నా మీద ఇప్పటికీ కోపమే.

పిల్ల కోలుకుంది. ఇంటికొచ్చాక ఒక మధ్యాహ్నం దాన్ని పడుకోబెట్టి కాలెండరు ముందు నిలబడ్డాను. దోమ కుట్టాక 4 నుంచి 10 రోజుల్లో డెంగీ జ్వరం బయటపడుతుందని డాక్టరుగారు చెప్పారు. జ్వరం మొదలైన రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టాను. అవి వినాయక చవితి రోజులు. పిల్ల పందిరి దగ్గర కూడా తిరిగింది, స్కూలుకి కూడా వెళ్ళింది, ఇంట్లో సోఫాలో పడుకుని ఫోన్ కూడా చూసింది. కుట్టిన దోమ ఏదో చెప్పగలిగేవాళ్ళు ఎవరూ లేరు. అది నాకూ తెలుసు. కానీ తల తిప్పితే ఆ కిటికీయే కనిపిస్తోంది.

ఇంకోటి కూడా అప్పుడే తట్టింది. డెంగీ దోమ పగటి దోమ. పొద్దున్న పూట, మళ్ళీ పొద్దుగూకే ముందు ఎక్కువ కుడుతుంది. అత్తయ్యగారు దూది పెట్టింది సాయంత్రం. నేను తీసింది పొద్దున్న. అంటే ఆ దోమకి పని ఉండే వేళంతా కిటికీ తెరిచి పెట్టింది నా చేతులే.

మా బెజవాడలో దోమలంటే ఎవరైనా ముందు కాలువల్నే తిడతారు. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ, మూడూ ఊరి మధ్యలోంచే పోతాయి కాబట్టి తిట్టడానికి వీలుగా ఉంటాయి. మురుగునీళ్ళలో పెరిగే దోమ వేరు, డెంగీ దోమ వేరు. డెంగీది మన ఇంటి మనిషి. పూలకుండీ కింద పళ్ళెంలో, కూలర్‌లో, ఫ్రిజ్ వెనకాల ట్రేలో నిలిచిన మంచినీళ్ళే దానికి కావాలి. ఇవన్నీ శుక్రవారం శుక్రవారం నేను కడిగి ఆరబెడతాను, డ్రై డే అని వార్డు వాళ్ళు చెప్పినప్పటి నుంచీ. అంత శ్రద్ధ ఉన్నదాన్ని మెష్ దగ్గర ఎందుకు మొద్దుబారిపోయాను?

మలేరియా క్రిమి దోమ పొట్టలో ఉంటుందని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది ఎక్కడో కాదు, మన సికింద్రాబాద్‌లో, 1897 ఆగస్టు 20న. మూడేళ్ళ తర్వాత, 1900లో, ఇటలీలో రోమ్ దగ్గర మలేరియా విపరీతంగా ఉన్న ప్రాంతంలో సాంబన్, లో అనే ఇద్దరు డాక్టర్లు కిటికీలకీ తలుపులకీ జాలీలు బిగించిన ఒక చెక్క ఇంట్లో మలేరియా కాలమంతా కాపురం ఉన్నారు. పగలంతా ఊళ్ళో తిరిగారు, చీకటి పడే ముందు మాత్రం ఇంట్లోకి వచ్చి తలుపులు వేసుకున్నారు. మలేరియా దోమ రాత్రి దోమ కాబట్టి. చుట్టూ ఉన్నవాళ్ళు జ్వరాలతో మూలుగుతుంటే వాళ్ళకి ఏమీ కాలేదు. మందు లేదు, మాకు లేదు, జాలీ ఒక్కటే. ఆ జాలీలో వైరు దూర్చడానికి ఎవరైనా స్క్రూడ్రైవరుతో పొడిచి ఉంటే ఆ కథ ఇలా ఉండేది కాదు.

నా అభిప్రాయం ఇది. మన ఇళ్ళలో చిన్న మరమ్మతులు ఆగిపోయేది చేతకాక కాదు. అది ఎవరి పనో తేలక. కొత్తది కొనడం ఎవరి పనో అందరికీ తెలుసు, పాడైనదాన్ని బాగుచేయడం ఎవరి పనీ కాదు. వంటిల్లు నాది కాబట్టి గ్యాస్ స్టవ్ బర్నర్ పూడుకుపోతే పిన్నీసుతో నేనే పొడుచుకుంటాను. కిటికీ "మగవాళ్ళ డిపార్ట్‌మెంట్". మగవాళ్ళకేమో ఆఫీసు. వాళ్ళ లెక్కలో అది "మనిషిని పిలవాల్సిన పని". ఆ మనిషికి అది గిట్టని పని. ఇలా ఒకరి మీద నుంచి ఒకరి మీదకి జారుతూ పోయి చివరికి దోమకి ఉపయోగపడుతుంది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకంటారు పెద్దలు. మేం గోరూ వాడలేదు, గొడ్డలీ తేలేదు, ఎనిమిది నెలలు చూస్తూ కూర్చున్నాం.

ఒకప్పుడు మనకి ఈ పనికి ఎన్ని మాటలుండేవో. గుడ్డకైతే మాసిక, బిందెకైతే మాటు, చెక్కకీ తోలుకీ అతుకు, విడిపోయిన కుట్టుకి టాకా, పంచె చిరిగితే రఫ్ఫు. నేను చదివిన బీఏ తెలుగు ఉద్యోగానికి పనికిరాలేదు కానీ ఇలాంటి మాటలు గుర్తుంచుకోవడానికి పనికొచ్చింది. చిన్నప్పుడు మా వీధిలో "బిందెలకి మాట్లేస్తాం" అని అరుచుకుంటూ ఒకాయన వచ్చేవాడు. కళాయి వేసేవాళ్ళు, గొడుగులు బాగుచేసేవాళ్ళు, కత్తులకి సాన పెట్టేవాళ్ళు వచ్చేవారు. మా పిల్లలకి ఈ మాటలన్నిటికీ కలిపి ఒకటే మాట, రిపేర్. దానికి కూడా "ఎందుకమ్మా, కొత్తది వస్తుందిగా" అనేది తోక.

నేను వన్‌టౌన్‌లో హార్డ్‌వేర్ కొట్టుకి వెళ్ళి అర మీటరు మెష్ అడిగాను. ఒక కిటికీకే అంటే కొట్టాయన కూడా అదోలా చూశాడు గానీ ఇచ్చాడు. పక్కనే గాలాలమ్మే కొట్లో సన్నటి తంగూసు దారం ఒక ఉండ. అంతా కలిపి 130 రూపాయలు. ఆటో ఛార్జీ అంతకన్నా ఎక్కువైంది, అది మా వారికి చెప్పలేదు.

మెష్ తలుపు అల్యూమినియం ఫ్రేములో జరిగే రకం. దాన్ని పైకి ఎత్తి, అడుగు భాగం లోపలికి లాక్కుంటే ఊడి చేతికి వస్తుంది. గ్రిల్లు ఉంది కాబట్టి భయం లేదు. గ్రిల్లు లేని కిటికీ అయితే, పై అంతస్తులో ఒక్కరే ఈ పని చేయొద్దు. పట్టుకోవడానికి ఇంకొకరు ఉండాలి, వంగడం అసలొద్దు. ముందు సబ్బు నీళ్ళతో, మెత్తటి బ్రష్‌తో కడిగి ఆరబెట్టాను. నీళ్ళు ఎంత నల్లగా వచ్చాయో చెబితే నా పరువు పోతుంది. ఆరాక రెండు పీటలు వేసి వాటి మీద పడుకోబెట్టాను, కింద చెయ్యి దూరేలా.

అంతలో అత్తయ్యగారు వచ్చి పక్కన కూర్చున్నారు. ఆవిడకి ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయ్యింది, రెండోది ఆనదు. సూదిలో తంగూసు నేనే ఎక్కించి ఇచ్చాను. "ముందు ఆ చివికిన పోగులన్నీ కత్తిరించెయ్యి అమ్మాయ్, చిల్లు చదరంగా చెయ్యి. వంకరటింకర చిల్లుకి మాసిక నిలవదు" అన్నారు. చేశాను. కొత్త ముక్క చిల్లు కన్నా అన్నివైపులా అంగుళం ఎక్కువ ఉండేలా కోశాం. గళ్ళ మీద గళ్ళు కూర్చునేలా సర్దారావిడ, కళ్ళతో కాదు, వేళ్ళతో తడుముతూ. నాలుగు మూలలా కచ్చా కుట్టు. ఆ తర్వాత అంచు చుట్టూ కాజా కుట్టు, కుట్టుకీ కుట్టుకీ మధ్య బియ్యపుగింజంత ఎడం. ఆవిడ పైనుంచి సూది దించితే నేను కింద అందుకుని పైకి పంపడం. నూలుదారం వాడకూడదా అని అడిగితే, ఎండకీ వానకీ ఏడాదిలో చివికిపోతుందన్నారు. తంగూసుకి ఉన్న తెగులు ముడి జారడం. అందుకని రెండు ముళ్ళు వేసి, కొసని అగరుబత్తి నిప్పుతో అంటించాం. కొస కరిగి గుండులా అవుతుంది, జారదు. మెష్‌కి మాత్రం నిప్పు తగలకూడదు.

మూడో వైపు కుడుతుండగా నేనే అన్నాను, "ఆ దూది రోజూ నేనే తీసేసేదాన్ని అత్తయ్యా" అని.

"తెలుసులే. చెత్తబుట్టలో కనపడేదిగా" అన్నారు. సూది దించి, నేను అందుకునేదాకా ఆగారు. "నేను మాత్రం ఏం ఒరగబెట్టాను? దూది పెట్టానే గానీ సూది పట్టుకోలేదు. నీ ఇల్లు కదా, నేను చెయ్యి పెడితే బాగోదేమో అనుకున్నా."

నేను ఏం చెప్పాలో తెలియక సూది పైకి పంపాను. ఇరవై రెండేళ్ళ నుంచి ఈ ఇల్లు ఆవిడదనుకుని నేను కొన్ని పనులు మానేశాను. కొడుకు కొలువుకని ఊరు వదిలి మా దగ్గరికి వచ్చినప్పటి నుంచి, ఇది నాదనుకుని ఆవిడ కొన్ని మానేశారు. ఎవరి పని కాదనుకుని వదిలేయడం ఒక్క మగవాళ్ళకే ఉందనుకున్నానా!

మొత్తం గంటన్నర పట్టింది. రాత్రి దీపాలు తీసేసి అవతల నుంచి చిన్నది టార్చి వేస్తే, ఇవతల నుంచి నేను మాసిక అంచు చుట్టూ చూశాను. ఒక మూల వెలుతురు పెద్దగా కనిపించింది, అక్కడ ఇంకో రెండు టాకాలు వేశాం. మామూలు మెష్‌కి అంగుళానికి ఒకవైపు 18, ఇంకోవైపు 16 పోగులుంటాయి. ఆ గడి కన్నా పెద్ద సందు ఎక్కడున్నా దోమకి అది సింహద్వారమే.

అడిగేవాళ్ళ కోసం ఇంకొంచెం. చిల్లు పెసరగింజంతే ఉంటే ఇంత కుట్టు అక్కర్లేదు, పోగులు దగ్గరికి జరిపి రంగులేని గోళ్ళరంగు రెండు మూడు పూతలు వేస్తే చాలు. తెల్ల జిగురు వద్దు, వానకి కరిగి పోతుంది. పాతకాలపు ఇనుప జాలీ అయితే, ముక్క అంచుల్లో రెండు మూడు వరసల తీగలు ఊడదీసి, మిగిలిన కొసల్ని జాలీలోంచి అవతలికి దూర్చి వంచేయాలి, దారం పనే లేదు. మెష్ అంతా పెళుసెక్కి ముట్టుకుంటే రాలుతుంటే మాత్రం మాసికలు దండగ, మొత్తం మార్చాలి. ఫ్రేము గాడిలో ఉండే రబ్బరు బీడింగు ఊడదీసి, కొత్త మెష్ పరిచి, బీడింగు మళ్ళీ నొక్కడమే. బీడింగు లావుల్లో తేడాలుంటాయి, పాతది అంగుళం ముక్క కోసి కొట్టుకి పట్టుకెళ్ళండి. మెష్‌ని తబలాలా బిగించారో ఫ్రేము లోపలికి వంగి, గాడిలో జరగడం మానేస్తుంది. ఇది విని చెప్పడం కాదు, పడకగది కిటికీకి ఆ ప్రయోగం చేశాను.

ఇక మా వారి సంగతి. ఆఫీసు నుంచి వచ్చి చూశారు. "బాగానే ఉంది కానీ... కనిపిస్తోంది" అన్నారు. నిజమే, పాత మెష్ వెలిసిపోయింది, కొత్త ముక్క నల్లగా, అంచు చుట్టూ కుట్టుతో కొట్టొచ్చినట్టు ఉంది. అలాగని చిల్లు మాత్రం కనిపించలేదా? నిమ్మకాయంత చిల్లుకి రాని నామర్దా జానెడు మాసికకి వచ్చింది. చిల్లు ఉంటే "అద్దె ఇల్లు, ఓనరు పట్టించుకోడు" అని చెప్పుకోవచ్చు. మాసిక ఉంటే, వీళ్ళు కుట్టుకున్నార్రా అంటారని భయం. మా పెళ్ళిచూపులకి వెళ్ళినప్పుడు మా అమ్మ పెట్టెలో అతుకుల బొంతని మంచం కింద దాచిన మనుషులం మేమూ, కాబట్టి ఆయన్నొక్కర్నే ఎందుకు అనడం. ఆయనతో అప్పుడు ఏమీ వాదించలేదు. "కొత్తది వేయించండి, ఆదివారం" అన్నాను. నవ్వేశారు.

ఇలా అందరూ ఇంట్లోనే చేసుకుంటే పనివాళ్ళ పొట్ట కొట్టినట్టు కాదా అని మా చెల్లెలు అడిగింది. రాననేవాళ్ళ పొట్ట నేనేం కొడతాను? పెద్ద పనులు వాళ్ళవే. కరెంటు పని జోలికి నేను పోను, నీళ్ళ మోటారు ముట్టుకోను, పిల్లల్నీ ముట్టుకోనివ్వను. మెష్ బాగుంది కదా అని చంటిపిల్లల్ని కిటికీకి ఆనించి నిలబెట్టకండి, అది దోమని ఆపుతుంది గానీ బిడ్డ బరువుని ఆపదు. నేననేది, సూదీ కత్తెరతో తీరే పనుల దగ్గర కూడా మనం ఫోను తీయడం గురించి. మా చిన్నది ఆ రోజు టార్చి వేసింది గానీ, సూది ఇస్తే ముడి వేయడం రాలేదు. పధ్నాలుగేళ్ళ పిల్లకి ముడి వేయడం నేర్పలేదు నేను. మావాడికి సరేసరి, ఇంజినీరింగు చదువుతున్నాడు.

దసరాకి మా ఆడపడుచు వాళ్ళు వచ్చారు. వాళ్ళు రాకముందే మా వారు హాల్లో ఆ కిటికీకి కర్టెన్ లాగారు. ఉక్కపోస్తోందిరా అని అత్తయ్యగారు లేచి వెళ్ళి పక్కకి జరిపేశారు. మా ఆడపడుచు చూసి, దగ్గరికెళ్ళి వేలితో తడిమి, "అమ్మ కాజా కుట్టులా ఉందే" అంది.

ఇప్పుడు వంటింటి కిటికీ మెష్ ఒక మూల లేస్తోంది. తంగూసు ఇంకా సగం ఉండ పైనే ఉంది. ఈసారి పైన సూది దించడానికి మావాడిని, కింద అందుకోవడానికి వాళ్ళ నాన్ననీ కూర్చోబెడదామని అత్తయ్యగారి ఆలోచన. మావాడు దీపావళికి వస్తాడు.